బ్లాగు మాటలు: ఉదజనులెన్ని, ఆమ్లజనులెన్ని?

ఉదజని, ఆమ్లజని అనే రెండు పేర్లు రసాయనశాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు కొత్తవి కావు. నేటి పాఠ్యపుస్తకాలలో హైడ్రోజన్, ఆక్సిజన్ అనే మాటలే కనబడుతున్నా, పాత పుస్తకాలలో ఈ రెండే ఉండేవి. ఉదజని అంటే నీటిని పుట్టించేది. హైడ్రోజన్ గాలిలో మండితే నీరు ఏర్పడుతుంది. కాబట్టి ఆ పేరు నిజం చెప్తున్నది. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ప్రతి ఆమ్లంలోను ఈ వాయువు ఉండి తీరుతుందని 18వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజే నమ్మి, ఆ అర్థం వచ్చేటట్లు గ్రీకు మాటలతో దానికి పేరు పెట్టినాడు. హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ లేనేలేదని 1810 ప్రాంతంలో హంఫ్రీ డేవీ తేల్చినాడు. కాని అప్పటికే పేరు స్థిరపడిపోయింది. మనవారు దానిని ఎంతో శ్రద్ధతో తెలుగు చేసినారు. పేరుతోబాటు అందులోని పొరపాటును కూడా తెలుగు చేసినారు.

కొత్త విద్య ఏది వచ్చినా ఈ ప్రమాదం వెంటనే ఉంటుంది. ఇరవై ఏండ్లుగా తెలుగువారిలో వాడుకలో ఉన్న బ్లాగు మాటలను ఈ దృష్టితో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం. బ్లాగు అంటే ఏమిటో చాలామంది విద్యార్థులకు తెలుసు. ఒకరు గాని కొందరు కలిసి గాని ఎప్పటికప్పుడు వ్రాసి, కొత్తది పైన, పాతది కింద ఉండేటట్లు ఇంటర్నెట్టులో ప్రచురించే దినచర్య వంటి పత్రిక అది. దాని చుట్టూ టపా, లంకె, వ్యాఖ్య, సంకలిని, శాశ్వత లంకె అని కొన్ని మాటలు పుట్టినవి. ఇవి సంస్కృతమా, తెలుగా, ఇంగ్లీషా అన్న వాదం ఇచ్చట అనవసరం. వినటానికి ఇంపుగా ఉన్నవా లేవా అన్నది కూడా మన ప్రశ్న కాదు. పరీక్ష ఒక్కటే: ఈ పేరు, ఆ వస్తువు చేసే పనిని నిజంగా చెప్తున్నదా? ఇది ఉదజని జాతిదా, ఆమ్లజని జాతిదా?

ఈ పరీక్ష అవసరమని నాకు తోచటానికి ఒక చిన్న అనుభవం కారణం. గ్రహణాలను గురించి తెలుగులో చక్కని బొమ్మలతో ఒకరు తమ బ్లాగులో వ్రాసిన వ్యాసం నాకు దొరికింది. దాని శాశ్వత లంకెను ఒక కాగితం మీద వ్రాసి, ప్రతులు తీయించి, మా కళాశాలలో విద్యార్థులకు పంచినాను. మరుసటి సంవత్సరం మళ్ళీ అదే కాగితం పంచినాను. నాలుగు రోజుల తర్వాత ఒక అమ్మాయి వచ్చి, "సార్, ఆ పుట లేదంటున్నది. 404 అని వస్తున్నది. మీరు శాశ్వతం అని వ్రాసినారు గదా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను ఆ మాటను నమ్మినాను. నమ్మి, వ్యాసానికి ప్రతి తీసి పెట్టుకోలేదు. ఒక మాటలోని పొరపాటు వల్ల ఒక మంచి పాఠం చేయి జారిపోయింది.

కొయ్యముక్క నుంచి దినచర్య దాకా

ముందుగా బ్లాగు అనే మాటనే చూద్దాము. దీని మొదలు ఒక కొయ్యముక్క అంటే వింతగా ఉంటుంది. తెరచాప ఓడల కాలంలో ఓడ వేగం కొలవటానికి నావికులు ఒక కొయ్యపలకకు పొడవైన తాడు కట్టి సముద్రంలో వేసేవారు. ఇంగ్లీషులో కొయ్యదుంగను 'లాగ్' అంటారు గనుక ఆ సాధనానికీ అదే పేరు వచ్చింది. ఈ పద్ధతిని 1574లోనే విలియం బోర్న్ అనే ఆంగ్లేయుడు తన పుస్తకంలో వర్ణించినాడు. పలక నీటిలో దాదాపు నిలిచిపోతుంది, ఓడ ముందుకు సాగుతుంది, తాడు జారుతూ ఉంటుంది. తాడుకు సమాన దూరాలలో ముడులు ఉంటాయి. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోనుంచి జారినవో లెక్కపెడతారు. వేగానికి 'నాట్', అనగా ముడి, అనే ప్రమాణం ఇట్లా వచ్చినదే.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. తరువాతి కాలంలో ముడికీ ముడికీ మధ్య దూరం 47 అడుగుల 3 అంగుళాలు, అంటే సుమారు 14.4 మీటర్లు. ఇసుక గడియారం 28 సెకన్లది. 14.4ను 28తో భాగిస్తే సెకనుకు 0.514 మీటరు వస్తుంది. గంటకు ఒక నౌకామైలు, అనగా 3600 సెకన్లకు 1852 మీటర్లు పోయే వేగం కూడా ఇంతే. కొయ్యముక్క ఎంత నిజాయితీగా పని చేసినదో ఈ లెక్క చెప్తుంది.

ఈ కొలతలను వరుసగా వ్రాసుకొనే పుస్తకం 'లాగ్ బుక్' అయింది. క్రమంగా ఏ సంఘటననైనా కాలక్రమంలో నమోదు చేసే పుస్తకానికి ఆ పేరు పాకింది. కంప్యూటర్లు వచ్చిన తర్వాత అవి తమ పనులను నమోదు చేసుకొనే పట్టీకి కూడా లాగ్ అనే పేరే పెట్టినారు. 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ అనే అమెరికనుడు, తాను ఇంటర్నెట్టులో చూసిన పుటల విశేషాలను రోజూ నమోదు చేస్తూ ఆ పట్టీని 'వెబ్‌లాగ్' అన్నాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనే ఆయన ఆ మాటను హాస్యానికి వేరొక చోట విరిచి 'వియ్ బ్లాగ్', అనగా 'మనం బ్లాగుతాం' అని చదివినాడు. ముందున్న ముక్క రాలిపోయి 'బ్లాగ్' మిగిలింది. 2004లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువువారు దీనిని ఆ సంవత్సరపు మాటగా ప్రకటించినారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గణితంలో మనం వాడే 'లాగ్' వేరు. అది 1614లో నేపియర్ ప్రకటించిన లాగరిథమ్ అనే గ్రీకు మాటకు కుదింపు. దానికీ ఈ కొయ్యముక్కకూ చుట్టరికం లేదు.

బ్లాగు అనే మాట తెలుగువాడి చెవికి దానంతట అది ఏ అర్థమూ చెప్పదు. అది లోపమే. కాని అబద్ధం కూడా చెప్పదు. వెబ్‌లాగ్ అనే మాటను మక్కీకి మక్కీగా మార్చి 'జాలమొద్దు' అని ఉంటే ఎట్లా ఉండేదో ఊహించుకోవచ్చును. మనవారు ఆ పని చేయక, చివర ఒక ఉకారం చేర్చి బ్లాగు అన్నారు. దాని మీద బ్లాగరి, బ్లాగ్లోకం అని మాటలు కల్పించినారు. బాగోగులను బ్లాగోగులు చేసి నవ్వించినారు కూడా. పరాయి మాట మన విభక్తులు తొడుక్కొని, మన చమత్కారానికి లొంగిందంటే అది ఇంటి మాట అయినట్లే. దీనికి మార్కులు ఇవ్వవచ్చును.

టపా: సంచిలోదా, స్తంభం మీదిదా?

బ్లాగులో వ్రాసే ఒక్కొక్క రచనను ఇంగ్లీషులో 'పోస్ట్' అంటారు. తెలుగు బ్లాగరులు దానిని టపా అన్నారు. టపా అంటే తపాలు, ఉత్తరాల మూట. మాట చిన్నది, నోటికి పట్టినది, పాతకాలపు వాసన ఉన్నది. అందుకే త్వరగా వాడుకలోకి వచ్చింది. అయితే మన పరీక్షలో ఇది నిలుస్తుందా?

ఇంగ్లీషులో పోస్ట్ అనే ధ్వనికి రెండు వేరు వేరు మూలాలు ఉన్నవి. ఒకటి, దారి పొడవునా వార్తాహరులను మార్చటానికి నిలిపిన మజిలీల నుంచి వచ్చింది. ఉత్తరాల పోస్టు అదే. రెండవది స్తంభం. ఊరిలో ప్రకటనను స్తంభానికి అంటించటం వల్ల, నలుగురూ చూసేటట్లు అంటించటానికి పోస్ట్ చేయటమనే క్రియ ఏర్పడింది. కంప్యూటరులో ప్రకటనల పలకలు వచ్చినప్పుడు వాటిమీద సందేశం పెట్టటానికి సరిపోయినది ఈ రెండవ అర్థమే. బ్లాగు పోస్టు ఆ వంశానిదే. మనవారు స్తంభాన్ని వదలి సంచిని పట్టుకొన్నారు.

ఇది వట్టి నిఘంటువు తగాదా కాదు. బ్లాగు ఎట్లా పని చేస్తుందో చూడండి. వ్రాసినవారు 'ప్రచురించు' అనే మీట నొక్కగానే ఆ వ్రాత సర్వరు అనే దూరపు కంప్యూటరుకు చేరి అక్కడ నిలిచిపోతుంది. అది ఎవరి ఇంటికీ పోదు. చదువదలచినవారి కంప్యూటరు ఆ సర్వరును అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ సర్వరు ఒక ప్రతిని పంపుతుంది. అసలు ప్రతి అక్కడే ఉంటుంది. ఇది ఉత్తరం లక్షణం కాదు. ఉత్తరం ఒక్కటే ఉంటుంది, ఒకరికే చేరుతుంది, పంపినవారి వద్ద మిగలదు.

దీనికి మన హైస్కూళ్ళలోనే సరియైన పోలిక ఉన్నది. అది గోడపత్రిక. విద్యార్థి వ్రాసినది గోడకు అంటిస్తారు. అది అక్కడే ఉంటుంది. తరగతి పిల్లలు చదువుతారు, ప్రధానోపాధ్యాయులు చదువుతారు, పని మీద బడికి వచ్చిన పరాయివారు కూడా చదువుతారు. ఎవరు చదివినారో వ్రాసినవాడికి తెలియదు. బ్లాగు ఊరంతా, దేశమంతా నడిచే దారి పక్కన పెట్టిన గోడపత్రిక.

టపా అనే మాట విన్న పిల్లవాడు తాను స్నేహితులకు ఉత్తరం వ్రాస్తున్నాననుకొంటాడు. ఉత్తరంలో వ్రాసినట్లే ఇంటి విలాసమూ, టెలిఫోను నంబరూ, ఇంట్లోవారి సంగతులూ వ్రాస్తాడు. గోడపత్రిక అని తెలిస్తే ఏ పిల్లవాడూ అవి వ్రాయడు. పేరులోని చిన్న పొరపాటు నడవడిలో పెద్ద పొరపాటు కావచ్చును. కనుక టపా ఆమ్లజని జాతిది. వాడుకలో స్థిరపడిన మాటను ఇప్పుడు తీసివేయమనటం వృథా. ఆక్సిజన్ పేరును ఎవరూ మార్చలేదు గదా! మార్చకపోయినా, ప్రతి రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు ఆ పేరు చెప్పి, వెంటనే దానిలోని పొరపాటు కూడా చెప్తాడు. టపా విషయంలోను అదే చేయవలెను.

ఒకవైపే ముడిపడిన లంకె

ఒక పుటలోని మాటను నొక్కితే వేరొక పుట తెరుచుకొనేటట్లు చేసే ఏర్పాటును లంకె అంటున్నాము. లంకెబిందెల కథలు విననివారు ఉండరు. రెండు బిందెలను ఒకదానితో ఒకటి కలిపి పాతిపెట్టినారని, ఒకటి దొరికితే రెండవది కూడా దొరికినట్లేనని పెద్దలు చెప్పేవారు. లంకె అంటే రెండువైపులా పట్టు ఉన్న కలయిక అని మన మనస్సుకు తోస్తుంది.

ఇంటర్నెట్టు పుటల మధ్య ఉన్నది అటువంటి కలయిక కాదు. నా పుటలో మీ పుటకు లంకె పెడితే, ఆ సంగతి నా పుటలో మాత్రమే వ్రాసి ఉంటుంది. మీ పుటకు దానిని గురించి ఏమీ తెలియదు. మీరు మీ పుటను తీసివేసినా, చోటు మార్చినా, నా పుటకు కబురు రాదు. ఇది రోడ్డు పక్కన ఊరిపేరు వ్రాసి బాణం గుర్తు వేసిన పలక వంటిది. జలాశయం కట్టటం వల్ల ఆ ఊరు మునిగి, జనం వేరే చోటికి తరలిపోయినా, పలక పాత దిక్కునే చూపుతూ ఉంటుంది.

ఇట్లా ఎందుకు చేసినారు? హైపర్‌టెక్స్ట్ అనే మాటను 1965లో లోకానికి అందించిన టెడ్ నెల్సన్, లంకెలు రెండువైపులా ఉండవలెననే ఆశించినాడు. 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ తన పథకాన్ని ప్రతిపాదించినప్పుడు ఒకవైపు లంకెతోనే సరిపెట్టుకొన్నాడు. ఇందులో గొప్ప సౌకర్యం ఉన్నది. ఎవరి అనుమతీ అడగకుండా ఎవరి పుటకైనా లంకె పెట్టవచ్చును. అన్ని లంకెలనూ నమోదు చేసే కేంద్ర కార్యాలయం అక్కరలేదు. ఈ సులువు వల్లనే ఆ వల ప్రపంచమంతా అల్లుకొన్నది. అయితే తెగిన లంకెలు ఆ సౌకర్యానికి మనం చెల్లించే మూల్యం.

బ్లాగరులు ఈ లోటును పూడ్చటానికి ప్రయత్నించకపోలేదు. 2002లో సిక్స్ అపార్ట్ అనే సంస్థ 'ట్రాక్‌బ్యాక్' అనే పద్ధతి ప్రవేశపెట్టింది. దాని ప్రకారం మీ రచనను నా రచనలో ప్రస్తావిస్తే, నా సర్వరు మీ సర్వరుకు ఒక కబురు పంపుతుంది. మీ పుట కింద నా రచన పేరు కనబడుతుంది. అప్పుడది నిజంగా లంకె అవుతుంది. కాని వ్యాపార ప్రకటనలు చొప్పించేవారు దొంగ కబుర్లతో ఆ పద్ధతిని ముంచెత్తినారు. చాలామంది బ్లాగరులు దానిని మూసివేసుకోవలసి వచ్చింది. మంచి యంత్రం కనిపెట్టటం ఒక ఎత్తు, దానిని దుర్వినియోగం నుంచి కాపాడటం మరొక ఎత్తు అనటానికి ఇది తార్కాణం.

లంకె అనే మాటకు సగం మార్కులు ఇద్దాము. రెండు చోట్లను కలుపుతుందన్నంతవరకు నిజం. రెండువైపులా కలుపుతుందనుకొంటే పొరపాటు.

వ్యాఖ్య, కూడలి, మూడక్షరాలు

చదివినవారు కింద వ్రాసే అభిప్రాయాన్ని వ్యాఖ్య అంటున్నారు. వ్యాఖ్య అనే మాటకు మన దేశంలో గొప్ప చరిత్ర ఉన్నది. మెదకు ప్రాంతంవాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్రాసినది వ్యాఖ్య. అన్వయం చెప్పి, వ్యాకరణం చెప్పి, అలంకారం చెప్పి, మూలంలో లేనిది కల్పించకుండా వ్రాసినది అది. 'బాగుంది', 'ధన్యవాదాలు' అనే ఏకవాక్యాలకు కూడా అదే పేరు పెట్టినాము. అయినా ఈ మాటను నేను తప్పుపట్టను. దోషం మాటలో లేదు, వ్రాసేవారిలో ఉన్నది. విద్యార్థులు వ్యాఖ్య వ్రాసే ముందు మల్లినాథుణ్ణి ఒక్కసారి తలచుకొంటే చాలు, ఆ మాటకు తగినట్లు నాలుగు వాక్యాలైనా చదివి వ్రాస్తారు.

అనేక బ్లాగులలోని కొత్త రచనల జాబితాను ఒకచోట చూపే ఏర్పాటును సంకలిని అన్నారు. అటువంటి ఒక తెలుగు సంకలినికి కూడలి అని పేరు పెట్టినారు. ఈ రెండు మాటలూ మన పరీక్షలో చక్కగా నెగ్గుతాయి. సంకలనం అంటే కూడిక అని లెక్కల తరగతిలో నేర్చుకొన్నాము. కూడలి అంటే నాలుగు దారులు కలిసే చోటు. కూడిక, కూడలి ఒకే క్రియ నుంచి పుట్టినవి. దారులు కూడలిలో కలుస్తాయి గాని అక్కడ ఆగిపోవు. చదువరి కూడలికి వచ్చి, తనకు కావలసిన దారి పట్టి, అసలు బ్లాగుకు పోతాడు. ఆ యంత్రం చేసే పని సరిగ్గా ఇదే. ఈ పేరు పెట్టినవారికి భాషా తెలుసు, వస్తువూ తెలుసు. ఇది అచ్చమైన ఉదజని.

ఈ సంకలినుల వెనుక పని చేసే పద్ధతికి ఆర్.ఎస్.ఎస్. అనే మూడక్షరాలు పేరు. ఈ అక్షరాల చరిత్ర మరీ విచిత్రం. 1999లో నెట్‌స్కేప్ సంస్థవారు మొదట ప్రకటించినప్పుడు మొదటి అక్షరానికి ఆర్.డి.ఎఫ్. అనే మరొక పొడి మాట అర్థంగా ఉండేది. అదే సంవత్సరం తర్వాతి రూపంలో ఆ అక్షరానికి 'సమృద్ధమైన' అనే అర్థం వచ్చే మాట చేరింది. 2002లో వచ్చిన రూపంలో మూడక్షరాలకూ కలిపి 'నిజంగా సులభమైన పంపకం' అని అర్థం చెప్పినారు. అక్షరాలు మారలేదు, విస్తరణ మాత్రం మారుతూ వచ్చింది! పరీక్షలలో 'విస్తరించి వ్రాయుము' అనే ప్రశ్న ఎంత నిష్ప్రయోజనమో దీనివల్ల తెలుస్తుంది. మూడు విస్తరణలూ కంఠస్థం చేసిన విద్యార్థికి కూడా ఆ పద్ధతి ఏం చేస్తుందో తెలియకపోవచ్చును.

అది చేసే పని తేలికగానే చెప్పవచ్చును. బ్లాగులో కొత్తగా వచ్చిన రచనల పేర్లు, విలాసాలు, తేదీలు ఒక నియమిత రూపంలో ఒక పట్టీగా ఉంటాయి. చదువరి వద్ద ఉన్న ప్రోగ్రాము కొంతసేపటికి ఒకసారి పోయి ఆ పట్టీని చూసి, కొత్తవి ఉంటే తెచ్చి చూపుతుంది. ఇక్కడ కూడా తపాలా బంట్రోతు మన ఇంటికి రావటం లేదు. మన మనిషే మాటిమాటికి తపాలా ఆఫీసుకు పోయి 'మాకేమైనా వచ్చినవా?' అని అడుగుతున్నాడు.

శాశ్వతమనే మాట

ఇక నన్ను దెబ్బతీసిన మాట వద్దకు వస్తున్నాను. బ్లాగులో కొత్త రచన పైకి వచ్చినకొద్దీ పాతది కిందికి జారి, కొంతకాలానికి మొదటి పుటలోనుంచి తప్పుకొంటుంది. ఈవేళ మొదటి పుట విలాసం ఇచ్చి 'ఇక్కడ చదవండి' అంటే, వచ్చే నెల పోయినవారికి అక్కడ వేరే రచన కనబడుతుంది. ఈ చిక్కు తీరటానికి 2000 ప్రాంతంలో ప్రతి రచనకూ మారని విలాసం ఒకటి విడిగా ఇవ్వటం మొదలుపెట్టినారు. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరును మనవారు శాశ్వత లంకె అని తెలిగించినారు.

ఏ విషయంలో శాశ్వతం? మొదటి పుటతో పోల్చితే శాశ్వతం, అంతే. రచన పైనుంచి కిందికి జారినా ఈ విలాసం మారదు. అంతకు మించి అది ఏ హామీ ఇవ్వదు. భౌతికశాస్త్రంలో శాశ్వత అయస్కాంతం అనే మాట ఉన్నది. విద్యుత్తు ఆపగానే బలం పోగొట్టుకొనే విద్యుదయస్కాంతంతో పోల్చి దానిని శాశ్వతం అంటున్నాము. దానినే ఎర్రగా కాలిస్తే ఏమవుతుంది? ఇనుము 770 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తన అయస్కాంత గుణాన్ని పోగొట్టుకొంటుంది. దీనిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఇది నేను ప్రతి సంవత్సరమూ తరగతిలో చెప్పే పాఠమే. శాశ్వత లంకెకు కూడా ఒక క్యూరీ ఉష్ణోగ్రత ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు.

ఆ లంకె నిలవటానికి ఎన్ని షరతులు కుదరవలెనో చూడండి. విలాసానికి ఏటేటా కట్టే రుసుము కట్టుతూ ఉండవలెను. సర్వరు పని చేస్తూ ఉండవలెను. దానిని నడిపే సంస్థ ఆ వ్యాపారంలో ఉండవలెను. వ్రాసినవారు విసిగి తీసివేయకుండా ఉండవలెను. వీటిలో ఏ ఒక్కటి తప్పినా శాశ్వతం ముగుస్తుంది. 1994లో మొదలై లక్షలాది సామాన్యుల సొంత పుటలకు ఆశ్రయమిచ్చిన జియోసిటీస్‌ను అమెరికాలో 2009 అక్టోబరులో మూసివేసినారు. ఎందరో బ్లాగు చదువరులు వాడుతూ వచ్చిన గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయింది. పెద్ద సంస్థల సంగతే ఇట్లా ఉంటే, ఒంటరి బ్లాగరి మాట చెప్పనక్కరలేదు. వాడుకభాషలో 'టపా కట్టటం' అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఎన్నో మంచి టపాలు అట్లా టపా కట్టినవి.

విలాసం పని చేయనప్పుడు వచ్చే జవాబును కూడా విద్యార్థులు శ్రద్ధగా చదవవలెను. 404 అని వస్తే సర్వరు ఉన్నది, మన ప్రశ్న దానికి చేరింది, ఆ పుట మాత్రం దొరకలేదు. ఇల్లు ఉన్నది, మనిషి లేడు. 410 అని వస్తే, ఆ పుట ఉద్దేశపూర్వకంగా తీసివేసినట్లు సర్వరే ఒప్పుకొంటున్నది. అసలు సర్వరు జాడే తెలియకపోతే ఈ అంకెలు కూడా రావు. అప్పుడు ఇల్లే లేదు. మా విద్యార్థినికి 404 వచ్చింది గనుక సర్వరు అప్పటికి ఉన్నదని, వ్యాసం మాత్రమే పోయిందని తేలింది. ఏమీ చెప్పని పేరు కంటె నిజం చెప్పే అంకె మేలు.

మరి ఏం చేయవలెను?

కంప్యూటరులోకి ఏదైనా తెచ్చుకోవటాన్ని కొందరు దిగుమతి అంటారు. ఈ మాటను కూడా మన పరీక్షకు పెడితే దారి దొరుకుతుంది. ఒక దేశం నుంచి వంద బస్తాల గోధుమలు దిగుమతి చేసుకొంటే ఆ దేశంలో వంద బస్తాలు తగ్గుతాయి. పదార్థానికి నిత్యత్వ నియమం ఉన్నది. సమాచారానికి అటువంటి నియమం లేదు. సర్వరులోని వ్యాసాన్ని మనం తెచ్చుకొంటే అక్కడ ఒక అక్షరం కూడా తగ్గదు. ఇక్కడ ఒకటి పెరుగుతుంది. అంటే అది దిగుమతి కాదు, ప్రతి తీసుకోవటం.

అసలు కిటుకు ఇదే. వ్రాతకు ఆయుర్దాయం విలాసం వల్ల రాదు, ప్రతుల వల్ల వస్తుంది. తాటాకు ఎంత జాగ్రత్త చేసినా కొన్ని వందల ఏండ్లకు చివికిపోతుంది. అయినా మన ప్రాచీన గ్రంథాలు నిలిచినవంటే, ఒక ఆకు చివికేలోగా మరొక ఆకు మీదికి ఎవరో ఎక్కించినందువల్లనే. 19వ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ దొర తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులను నియమించి వాటికి ప్రతులు వ్రాయించినాడు. ఆయన నమ్మినది ఆకును కాదు, ప్రతిని. ఇంటర్నెట్టు పుటలకు కూడా ఈ పని చేసేవారు ఉన్నారు. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ పాత పుటల ప్రతులను భద్రపరుస్తూ, 2001 నుంచి అందరికీ చూపుతున్నది. అయితే లోకంలోని ప్రతి పుటకూ అక్కడ ప్రతి ఉంటుందని అనుకోరాదు. గ్రహణాల వ్యాసం కోసం అక్కడ వెదికినాను, దొరకలేదు.

తెలుగులో విజ్ఞానశాస్త్రాన్ని వివరించే రచనలు అసలే తక్కువ. ఉన్నవాటిలో కొన్ని ఏ అచ్చుపుస్తకంలోను లేవు, బ్లాగులలోనే ఉన్నవి. యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే తెలుగు ఫాంటు రావటంతో ఇళ్ళలోని కంప్యూటర్లకు తెలుగు చదవటం, వ్రాయటం చేతనైంది. ఆ తర్వాత ఎందరో ఉద్యోగం ముగించుకొని ఇంటికి వచ్చి, ఎవరూ డబ్బు ఇవ్వకపోయినా కూర్చొని వ్రాసినారు. వారు వ్రాసినది శాశ్వతం అనే మాటను నమ్మి మనం పోగొట్టుకోకూడదు.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. మీ పాఠానికి పనికివచ్చే తెలుగు వ్యాసం ఏదైనా బ్లాగులో కనబడితే, లంకె ఒక్కటే వ్రాసుకొని ఊరుకోవద్దు. వ్రాసినవారి పేరు, చూసిన తేదీ వేసి, పాఠం కోసం ఒక ప్రతి ఉంచుకోండి. నలుగురికీ పంచవలెనంటే వ్రాసినవారి అనుమతి అడగండి. వారు సంతోషిస్తారే గాని కాదనరు. రెండవది, కొత్త సాంకేతిక పదం తరగతిలో వచ్చినప్పుడు, దాని విస్తరణ అడగటానికి బదులు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పేరు దేనిని పోల్చి పెట్టినారు? ఆ వస్తువు నిజంగా చేసే పని ఏమిటి? పోలిక ఎక్కడ తెగిపోతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన విద్యార్థికి ఆ పదం ఏ భాషలో ఉన్నా ఇబ్బంది లేదు.

నేను పంచే కాగితం మీద ఇప్పుడు శాశ్వత లంకె అనే మాట లేదు. 'ఈ తేదీన ఇక్కడ ఉన్నది' అని వ్రాస్తున్నాను. దాని వెనుక పుటలో, అనుమతి పొందిన చోట, వ్యాసం మొత్తం ఉంటున్నది.